ఇరవై నాలుగు గంటల ఫిల్టర్

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, ఒక ఆగస్టులో, నన్ను అశ్వారావుపేట దగ్గరి పామాయిల్ ఫ్యాక్టరీకి పంపారు. నా హోదా సీనియర్ సిస్టమ్స్ ఇంజనీరు. అక్కడి గేటు టోకెన్ల సాఫ్ట్‌వేర్ రాసింది మా బృందమే, పరీక్షించి సంతకం పెట్టింది నేనే. గెల కోసిన ఇరవై నాలుగు గంటల్లో కాటా ఎక్కాలని ఫ్యాక్టరీ నిబంధన. ఆలస్యమైతే నూనె నాణ్యత పడిపోతుంది. ఆ గడువులో ఉన్న రైతుల పేర్లు మాత్రమే తెరపై చూపడం మా ఫిల్టర్ పని.

ప్రతి ట్రాక్టరుకూ ఆ జాబితా తెరుచుకోవడానికి పావుగంట పడుతోంది. ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలిచాయి. అడవి పక్క ఊరు కదా, నెట్‌వర్క్ బాగుండదని తేల్చేశాను. కాటా ఆపరేటర్ యాకూబ్ ఊరుకోలేదు. "నెట్టు మంచిగనే ఉంది సార్. నా ఫోన్ల వీడియో ఆగకుండ వస్తుంది గదా" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నా సంగతి.

కోడ్ తెరిస్తే తప్పు మాదే. షరతును డెలిగేట్‌గా, అంటే కంపైలై మూసుకుపోయిన ఫంక్షన్‌గా పంపుతున్నాం. దాని లోపలేముందో డేటాబేస్‌కు తెలిసే దారి లేదు. అందుకని సీజన్ రికార్డులన్నీ గేటు కంప్యూటర్‌లోకి దిగాక వడపోత మొదలయ్యేది. హైదరాబాద్‌లో రెండు వందల రికార్డులతో పరీక్షించిన నాకు ఇది కనబడలేదు. అదే షరతును ఎక్స్‌ప్రెషన్ ట్రీగా, అంటే విప్పి చదవగలిగే రూపంలో ఇస్తే ఏ కాలమ్‌ను దేనితో పోల్చాలో విడివిడిగా కనబడుతుంది. దాన్ని డేటాబేస్ భాషైన ఎస్‌క్యూఎల్‌గా మార్చి, వడపోత డేటాబేస్‌లోనే చేయించవచ్చు.

తొందరలో పాత డెలిగేట్‌నే ఎక్స్‌ప్రెషన్‌లో చుట్టి పంపాను. అనువదించలేనని ఎర్రర్ వచ్చింది. గిన్నె మార్చినంత మాత్రాన కూర ఎలా వండారో తెలియదు కదా! షరతులన్నీ మొదటి నుంచి తిరగరాసేసరికి మధ్యాహ్నం మూడున్నర దాటింది.

ఈసారి జాబితా రెప్పపాటులో వచ్చింది. యాకూబ్ నవ్వుతూ వరుసలో ముందున్న నాగమణి పేరు వెతికాడు. లేదు. ఆమె వేంసూరు వైపు రైతు, ట్రాక్టర్ పక్కనే నిలబడి ఉంది.

"నిన్న మూడింటికి కోసినం. పొద్దుగాల ఏడింటికే ఈడికొచ్చిన. ఆలస్యం నాదా సారూ?" అని అడిగింది.

మేనేజర్ దగ్గరికి నేనే వెళ్లి తప్పు మాదని చెప్పాను. తెరపై పేరు లేని లోడు తీసుకునే అధికారం తనకు లేదని, పేరు లేనిదే టోకెన్ రాకుండా చేసింది మీ సాఫ్ట్‌వేరేనని ఆయన అన్నారు. నాకు సిగ్గేసింది.

తర్వాతి వారం, గడువును గేటు చేరిన సమయంతో చూసేలా షరతు మార్పించాను. సీజన్ రికార్డులన్నీ ఎక్కించి చూడకుండా మళ్లీ ఏ ఫిల్టర్‌కూ సంతకం పెట్టలేదు. జవాబు సరైనదా అని చూస్తే చాలదు, దానికోసం ఎవరు ఎంతసేపు నిలబడ్డారో కూడా చూడాలి. ఆ రోజు మా ఫిల్టర్ ఇచ్చిన జవాబు సరైనదే. నాగమణి లోడు వెనక్కి వెళ్లింది.