మునిరత్నమ్మ చెలిమ

ఊరి బావి గట్టు మీద మునిరత్నమ్మ ఏనాడూ కాలు పెట్టలేదు. హరిజనవాడ మనిషి కదా, బిందె కింద పెట్టి దూరంగా నిలబడేది. ఊరి ఆడవాళ్ళలో ఎవరికైనా మనసైతే పోస్తారు, లేదంటే ఎండ నెత్తికెక్కేదాకా నిలబడాల్సిందే. ఒక్కరినీ ఒక్క మాట అనలేదు. వంకలో ఇసుక తోడి నీళ్ళూరే చెలిమ తీసుకుంది. వాడంతా అక్కడే ముంచుకునేది.

బాగేపల్లి తాలూకాలోని ఆ ఊరికి పశువులు మేసే గోమాళం వంక గట్టునే ఉండేది. అక్కడ వనం పెంచే పనిని సర్కారు చిక్కబళ్ళాపురంలోని ఒక సేవాసంఘానికి అప్పజెప్పింది. సంఘం తరఫున సుజాతమ్మ వాడకొచ్చి, చెట్లుంటే వంకలో నీళ్ళు నిలుస్తాయని, కూలీ దొరుకుతుందని నచ్చజెప్పింది. తీరా వచ్చిన మొక్కలన్నీ నీలగిరే. మేకలు ముట్టవు, కావలి అక్కర్లేదని ఊరి పెద్దలు సంబరపడ్డారు. మేకలున్నది వాడలో కదా, మేత పోతే పెద్దలకేం?

గుంతలు తవ్వింది మునిరత్నమ్మే. ఎండాకాలంలో కూలి ఆగిపోయింది, ఆమె మాత్రం ఆగలేదు. చెలిమలోంచే కడవ ముంచి మొక్కలకు పోసేది. మేస్త్రీ నంజప్పకు నవ్వొచ్చింది.

"కూలి లేకుండా ఎవురికి జేస్తాండావమ్మా ఈ చాకిరీ? మీ అత్తగారి తోటనా?"

"నా చెలిమ కోసరమప్పా. చెట్టు బతికితే అదీ బతుకుతాదంట గదా."

చెట్లు బతికాయి. చెలిమ ఏటేటా లోతుకు పోయింది. ఆఖరికి చేతికి తగిలింది వట్టి ఇసుక, నీలగిరి వేళ్ళు. వానలు తప్పిన మాటా నిజమే. కానీ ఎంత కరువులోనూ ఆ వంకలో తడి పోలేదని వాడలో ముసలివాళ్ళంతా చెబుతారు.

వనం బాగా పెంచారని సంఘానికి మెచ్చుకోలు దక్కింది. కట్టె కాగితం మిల్లుకు పోయింది. దాన్ని కొట్టి లారీలకెత్తే కూలికీ ఆమే వెళ్ళింది. సుజాతమ్మ మీద కోపం లేదా అంటే తల అడ్డంగా ఊపింది.

"ఆయమ్మ చెప్పింది. పోసింది నేను గదా."

కొట్టిన చెట్ల మొదళ్ళు మళ్ళీ చిగురిస్తున్నాయి. చెలిమ చిగురించదు.

ఈ వానలకు చింతామణి తాలూకా వైపు గోమాళాల్లోనూ గుంతలు తవ్వుతున్నారు. చదివి అయ్యోపాపం అనుకుని ఊరుకోకండి. మొక్కల లారీ వచ్చే రోజున వెళ్ళండి. కానుగో, చింతో, నేరేడో అయితే చేయి వేసి దించండి. నీలగిరి అయితే లారీకి అడ్డంగా నిలబడండి.