ఏ చక్రానికి ఆ చక్రం

నాకు కోపం వస్తే మాట్లాడను, పని చేస్తాను. అదేదో మంచి గుణమని చాలా ఏళ్లు అనుకున్నాను. తొంభైల మొదట్లో సిద్దిపేటలో ఎనిమిది నెలలు ఒక్కడినే బతికానంటే ఆ గుణం పుణ్యమే.

అప్పుడు నాకొక పికప్ బండి ఉండేది. బెజ్జంకి, కొమురవెల్లి, ఎటు కిరాయి దొరికితే అటు సిమెంటు, ఎరువు బస్తాలు, జాతర రోజుల్లో దుకాణాల సామాను మోసేవాణ్ణి. నాకు తెలిసిన మిగతా డ్రైవర్లవన్నీ పాత జీపులు. జీపుకు ముందు రెండు చక్రాలనూ కలుపుతూ ఒకటే ఇరుసు ఉంటుంది. ఒకటి రాయెక్కితే రెండోది కూడా ఒరుగుతుంది. నా బండికి అట్లా కాదు. ముందు ఏ చక్రానికి ఆ చక్రం విడిగా లేస్తుంది, విడిగా దిగుతుంది. స్ప్రింగులకు బదులు బండి కింద పొడుగ్గా రెండు ఉక్కు కడ్డీలు ఉంటాయి. చక్రం లేచినప్పుడు కడ్డీ మెలిపడుతుంది, ఆ మెలి విడిపోతూ చక్రాన్ని మళ్లీ కిందికి నెడుతుంది. కడ్డీ చివర ఒక బోల్టు. దాన్ని బిగిస్తే బండి ముందు భాగం పైకి లేస్తుంది.

నేను బిగించాను. ఒకసారి కాదు, మూడుసార్లు. ముక్కు పైకెత్తుకుని నిలబడ్డ బండిని బస్టాండు దగ్గర జనం తిరిగి తిరిగి చూస్తుంటే నాకు ఎక్కడలేని సంబరం. ఎత్తు పెరిగితే కింద రాళ్లు తగలవు, ఎట్లాంటి బాటలోనైనా పోవచ్చు అని నా తెలివి.

నా భార్య తల్లిగారిల్లు అక్కన్నపేట అవతల చిన్న పల్లె. అక్కన్నపేట దాటితే రాళ్ల బాట, మధ్యలో ఒక వాగు. ఐదో నెల కడుపుతో ఉన్న ఆమెను అక్కడి నుంచి నా బండిలోనే తీసుకొచ్చాను. వాగు దగ్గరికి రాగానే, "నేను దిగి నడుస్త. గీ రాళ్లు దాటినంక ఎక్కుత" అన్నది.

"కూసో, ఏం గాదు. గిది జీపనుకున్నవా?" అన్నాను.

ముందు చక్రం గుంతలో పడ్డప్పుడు బండి మొత్తం ధడేలుమని కూలబడింది. ఆమె ఒక చేత్తో తలుపును, ఇంకో చేత్తో కడుపును పట్టుకుంది.

మూడో రోజు కడుపు పోయింది. కుదుపు వల్లనే అని చెప్పలేమని, ఏ కారణం లేకుండా కూడా పోతుంటాయని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట వినే స్థితిలో ఎవరమూ లేము. మా అత్త మంచం పక్కన నిలబడి, "నీ బండి పాడుగాను, అల్లుడా" అని ఒక్క మాట అన్నది. నా భార్యను తన వెంట ఊరికి తీసుకుపోయింది.

కిరాయి ఇంట్లో నేనొక్కడినే మిగిలాను. కోపం ఎవరి మీదనో నాకే తెలియలేదు. పొద్దున లేచి ఎవరితోనైనా కొట్లాడాలనిపించేది, కొట్లాడడానికి ఇంట్లో మనిషి లేదు. చివరికి ఆ కోపమంతా బండి మీదికి మళ్లింది. కరీంనగర్ రోడ్డు మీద షెడ్డులో ఒక ముసలి మెకానిక్ ఉండేవాడు. అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. బండిని ఆయన ముందు ఆపి, కుదుపు లేకుండా చెయ్యాలన్నాను. ఆయన కిందికి వంగి కడ్డీల బోల్టులు చూసి లేచాడు.

"గింత ఎందుకు బిగించినవ్‌రా?"

"ఎత్తు కోసం, ఉస్తాద్."

"మునివేళ్ల మీద నిలవడు." నిలబడ్డాను. "గట్లనే ఉండి, గీ మెట్టు దిగు." దిగబోయి తూలాను. ఆయన నా భుజం పట్టుకున్నాడు. "సూసినవా? కాలు ముందుగాలనే సాగి ఉంటె ఇంక ఏడికి సాగుతది? నీ బండి గంతే. టైరు కిందికి దిగెటందుకు జాగనే లేకుంట జేసినవ్. గుంతొస్తె టైరు దిగదు, బండే పడ్తది."

తప్పు బాటది కాదు, బండిది కూడా కాదు, బోల్టు బిగించిన నా చేతిలో పానాది. ఆ సంగతి అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు నుంచి తీరిక దొరికితే చాలు బండి కిందే ఉండేవాణ్ణి. కడ్డీల బిగింపు వదులు చేసి ముక్కును మామూలు ఎత్తుకు దించాను. ముందు రెండు చక్రాలనూ కలుపుతూ సన్నటి అడ్డకడ్డీ ఒకటి ఉంటుంది, మలుపుల్లో బండి ఒరగకుండా చూసేది అదే. రాళ్ల మీద మాత్రం ఒక చక్రం దిగబోతే దాన్ని రెండోదానితో కట్టేసి ఆపుతుంది. రాళ్లు మొదలైన చోట దాన్ని విప్పడం, తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ బిగించడం అలవాటు చేసుకున్నాను. చక్రం మరీ పైకి లేవకుండా ఆపే రబ్బరు దిమ్మలను తొందరపడి సగానికి కోశాను. ఉస్తాద్ నోటికొచ్చినట్టు తిట్టి, కొత్తవి తెప్పించి, అంచు మాత్రమే కోయించాడు. వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్ కట్టలోంచి ఒక ఉక్కు పట్టీ తీసేశాను. దాంతో బస్తాల కిరాయిలు సగం వదులుకోవాల్సి వచ్చింది. వదులుకున్నాను.

ఆదివారాలు షెడ్డు మూసి ఉండేది. నేను ఒక్కడినే దాని ముందు ఖాళీ జాగలో బండి పెట్టుకుని, ఒక ముందు చక్రం కింద చదును రాళ్లు ఒక్కొక్కటే పేర్చుతూ దాని మీదికి ఎక్కించేవాణ్ణి. ఏ ఎత్తు దగ్గర ఇంకో చక్రం నేల విడుస్తుందో చూసేవాణ్ణి. మొదట బెత్తెడు ఎత్తుకే విడిచేది. వానాకాలం పోయేసరికి జానెడుకు వచ్చింది. ఆ రోజు సంతోషం పట్టలేక చుట్టూ చూశాను. రోడ్డు మీద ఒక మేకల మంద తప్ప ఎవరూ లేరు.

ఆ తర్వాత చెంబు మొదలుపెట్టాను. ఆమె కూర్చునే సీటు మీద బట్ట చుట్ట చేసి, దాని మీద చెంబు నిండా నీళ్లు పెట్టి, ఊరవతల రాళ్ల బాట మీద నడిపేవాణ్ణి. ఎన్ని నీళ్లు తొణికితే అంత పని మిగిలి ఉన్నట్టు. హోటల్ దగ్గర చాయ్ తాగే డ్రైవర్లకు ఈ సంగతి తెలిసింది. "అన్నా, చెంబుకు టికెట్ కొట్టినవా?" అని ఒకడు, "కొత్త పెండ్లామట" అని ఇంకొకడు. నవ్వాను. ఇంటికొచ్చి అన్నం వండుకోలేదు.

ఇంకోసారి వాలు దిగుతుంటే ముందు గుంత కనిపించి, "పట్టుకో, గుంతొస్తుంది" అని పక్కకు తిరిగి చెంబుతో అన్నాను. అన్నాక బండి పక్కకు ఆపాను. నాకు భయమేసింది. ఇంటి ఓనరమ్మ రోజూ అడిగేది, "నీ పెండ్లాన్ని ఎప్పుడు తోల్కొస్తవ్ బిడ్డా?" అని. "బండి ఇంకింత మెత్తగ కావాలె" అనేవాణ్ణి. ఆమె నా మొహంలోకి చూసి లోపలికి పోయేది.

ఎనిమిదో నెలలో, ఒక పగటిపూట, చెంబులో నీళ్లు తొణకలేదు. మర్నాడే అక్కన్నపేట బాట పట్టాను. వాగు దగ్గర అడ్డకడ్డీ విప్పాను. బండి ఒక్కో చక్రాన్ని తడుముకుంటూ దించి, ఎక్కించి, వాగు దాటింది. ఒక్క శబ్దం రాలేదు. ఆమెకు ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ పోయాను.

ఆమె వాకిట్లో కూర్చుని పల్లికాయ ఒలుస్తోంది. చాలా సన్నబడింది. జుట్టు కత్తిరించి ఉంది. నేను నిలబడే మొత్తం చెప్పాను. కడ్డీ వదులు చేసింది, దిమ్మలు కోసింది, నీళ్లు తొణకంది. బోల్టు నేనే బిగించాననే మాట మాత్రం నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఆమె ఒలవడం ఆపకుండా విన్నది.

"ఎన్ని నెలలు వట్టింది?"

"ఎనిమిది."

"నాకు దసరా ముంగట జరం వచ్చింది. నెల రోజులు లేవలే. జుట్టంత రాలితె అవ్వ కత్తిరించింది." చేతిలో పల్లికాయ కింద పెట్టింది. "అక్కన్నపేట దాకా రోజు బస్సొస్తది. ఆడికెళ్లి నడిస్తె గంట. బండి బాగయిందా లేదా అని రోజు సూసుకున్నవ్. నేను బాగున్ననా లేనా అని ఒక్కనాడన్న రాకపోతివి."

ఆమె చాట ఎత్తుకుని లోపలికి పోయింది. మా అత్త బయటికొచ్చి, "అన్నం దిని పో, బిడ్డా" అన్నది. తిన్నాను. ఏం తిన్నానో తెలియదు. తిరుగుదారిలో బండి ఎంత మెత్తగా నడిచిందంటే, ఎక్కడైనా ఒక్క కుదుపు వస్తే బాగుండు అనిపించింది. వాగు ఒడ్డున ఆపి స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను.

ఆ వచ్చే ఆదివారం బండిని షెడ్డు ముందు వదిలేసి బస్సెక్కాను. అక్కన్నపేటలో దిగి నడిచాను. కాళ్లు బొబ్బలెక్కాయి. ఆమె కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చింది, దూరంగా కూర్చుంది. అప్పుడు చెప్పాను, బోల్టు బిగించింది నేనేనని, దిగుతానంటే దిగనియ్యనిది నేనేనని. ఆమె తిట్టలేదు. వెంట వస్తాననీ అనలేదు. పొద్దు వాలుతుంటే నేను లేచి చెప్పులు తొడుక్కున్నాను. గుమ్మం దాకా వచ్చింది.

"మల్లెప్పుడొస్తవ్?" అని అడిగింది.

ఆదివారం వస్తానన్నాను. ఒక్కడినే నడిచి అక్కన్నపేట చేరి, ఒక్కడినే బస్సెక్కాను.