మా అమ్మ మార్తకు చూపించిన ఊళ్ళు

మా అమ్మ రాజమణికి గుళ్ళంటే పిచ్చి అని మార్త వాళ్ళ దేశానికి ఉత్తరం రాసింది. రాసుకోనీ! జర్మనీ నుంచి తెలుగు నేర్చుకోవడానికి వచ్చి ఏడాదిపాటు మా జనగామ ఇంట్లో దిగిన పిల్లకు అంతకన్నా ఏం తెలుస్తుంది? ఆదివారం వస్తే చాలు, మార్త ఇంకా పళ్ళు తోముకుంటుండగానే అమ్మ చీర మార్చుకుని "ఇయ్యాల ఎటు పోదాం బిడ్డా?" అని వాకిట్లో నిలబడేది. మరి ఏ గుడిలోనైనా ఆమె దేవుడి వంక చూస్తే ఒట్టు. ఆమె చూపంతా వచ్చేపోయే మగవాళ్ళ కనుబొమ్మల మీద ఉండేది.

మా అన్న రవీందర్ ఎడమ కనుబొమ్మ చిన్నప్పుడు చిర్రగోనె ఆడుతుంటే బిళ్ళ తగిలి తెగింది. అక్కడ మళ్ళీ వెంట్రుక మొలవలేదు. అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ కావాలని పిల్లలంతా బళ్ళు వదిలి రోడ్డెక్కినప్పుడు అన్న కూడా జెండా పట్టుకున్నాడు. మా బాపు జగపతి అప్పుడు పెద్ద నాయకుల వెంట తిరుగుతూ పదవి కోసం కాచుకుని ఉన్నాడు. "నా ఇంట్లకెంచే జెండా బయిల్దేరితె నేను మొఖమేడ పెట్టుకోవాలె?" అని ఒక సాయంత్రం తలుపు వేసి గడియ పెట్టాడు. అన్న వచ్చి తలుపు తట్టాడు. "బాపూ, గడియ తియ్యవూ" అన్నాడు. చిన్నదాన్ని, అమ్మ కొంగు పట్టుకుని వింటూనే ఉన్నాను. అమ్మ లేచి గడియ మీద చెయ్యి వేయబోతే బాపు ఆ చెయ్యి పట్టి ఆపాడు. తెల్లారి చూస్తే అరుగు మీద అన్న లేడు. ఏ జైలులోనూ లేడు, ఏ దవాఖానలోనూ లేడు. ఆ రోజు నుంచి ఆ తలుపుకు గడియ పెట్టనివ్వలేదు మా అమ్మ.

జాడ లేకుండా పోయిన మనిషి పన్నెండేళ్ళకు కూడా రాకపోతే పోయినట్టే లెక్క మా వైపు. దర్భగడ్డితో బొమ్మ చేసి, దానికి నిప్పు పెట్టి, దినాలు చేస్తారు. ఎనభై ఒకటిలో తొలి వానలతో మిరుగు కార్తె వస్తే మా అన్నకు ఆ గడువు నిండుతుంది. "చేసెయ్యాలె. లేకుంటె వానికి దారి దొరకదు" అని బాపు. "నా కొడుకు బతికుండంగ గడ్డిబొమ్మకు నిప్పు పెడ్తె, గా నిప్పులనే నేనూ పడ్త" అని అమ్మ. మా ఇంట్లో రోజూ ఇదే రామాయణం.

పోనీ, వెతుక్కుందామా అంటే దొరల ఇంటి ఆడది బస్సులెక్కి తిరగరాదాయె! ఏం పరువో, ఏం పాడో! అలాంటి సమయంలో హైదరాబాదు స్నేహితుడి మాట మీద బాపు ఈ మార్తను ఇంట్లో పెట్టుకున్నాడు. తెల్లపిల్ల మా ఇంట్లో ఉందని చెప్పుకోవడం ఆయనకు గొప్ప. అంత దూరం నుంచి వచ్చిన చుట్టానికి నాలుగు ఊళ్ళు చూపించొద్దని ఎలా అంటాడు? అమ్మ ఆ సందు పట్టుకుంది.

ఇక చూడండి మా తిరుగుడు. పాలకుర్తి గుట్ట ఎక్కాం. స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగాం. మానుకోట బజారంతా తిరిగాం. మార్త ఫొటోలు తీసుకునేది, కనబడిన ప్రతిదానికీ పేరు అడిగేది. "ఈ గుడి ఎన్ని ఏళ్ళది, అమ్మా?" అంటే, "మస్తేండ్లది బిడ్డా" అని అమ్మ చాయ్ హోటల్ వైపు నడిచేది. కనుబొమ్మ మీద వేలు పెట్టుకుని "గిక్కడ తెగినోణ్ణి జూసిండ్రా?" అని అడిగేది. ఎవరూ చూడలేదు. తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకునేది. నాకు ఏడుపూ వచ్చేది, ఒళ్ళూ మండేది. ఇన్ని ఊళ్ళలో ఒక్క మనిషిని ఎక్కడని పట్టుకుంటుంది?

శివరాత్రికి కురవి వీరన్న జాతరకు పోయాం. పందిరి నీడలో సీతాబాయి అనే తండా ఆమె పిల్లలకు బొరుగులు పెడుతోంది. అమ్మ అలవాటుగా అడిగింది. సీతాబాయి నోటి దాకా వచ్చిన చెయ్యి ఆపింది.

"గసోంటి పిలగాడు మా ఇంటాయన రాంజీ తోటి కట్టెలు గొట్టిండమ్మా, భూపాలపల్లి అడివిల. సదువుకున్నోడు. మేం ముందుగాల్నే వచ్చేసినం. ఆడ కూలోళ్ళకు అన్నం వండే మైసమ్మ నడుగు, ఆమెకెరుక."

అమ్మ ఆ జాతర మధ్యలో సీతాబాయిని వాటేసుకుంది. 

గణపురం కోటగుళ్ళు మార్త చూస్తుందట అని బాపుకు చెప్పి బయల్దేరాం. అమ్మ డబ్బానిండా సకినాలు చేసింది. ఒక చొక్కా కుట్టించింది. "పాత కొలత మీద జర వదులుగ కుట్టమన్న, ఇప్పుడు ఒళ్ళు చేసి ఉంటడు గద" అంది. వరంగల్లులో ఒక బస్సు, పరకాలలో ఇంకొకటి. దారి పొడుగునా డబ్బా ఒళ్ళోంచి దించలేదు.

భూపాలపల్లిలో అప్పటికి బొగ్గుబావులు పడలేదు. అడవి, నాలుగు గుడిసెలు, అంతే. మైసమ్మ చాప మీద ఇప్పపువ్వు ఆరబోస్తోంది. అమ్మ కనుబొమ్మ చూపించి అడిగింది.

"నొసలు కాడ తెగినోడా? ఉండె" అంది ముసలామె.

అమ్మ మొహం వెలిగిపోయింది. "ఏడి? ఏడున్నడవ్వా?"

మైసమ్మ అమ్మను, డబ్బాను, చొక్కాను చూసింది. చేతిలోని పువ్వు కింద పెట్టింది. "కూసో దొర్సాని. వచ్చిన మరుసటేడు తొలి వానలకు చలిజరం తలిగింది. దవాఖానకు కొండవోదామంటె వాగు పొంగె. నా గుడిసెలనే పండవెట్టిన. దక్కలే తల్లీ. పేరు సుత చెప్పకపాయె. మేమే మట్టి చేసినం."

అమ్మ డబ్బా కింద పెట్టి కూర్చుంది. "ఏమన్న అన్నడా అవ్వా?" అంది.

"జరంల ఒకటే కలవరింత. 'బాపూ, గడియ తియ్యవూ, గడియ తియ్యవూ' అని. నా గుడిసెకు గడియేడిది? తడికనాయె. తీసే ఉన్నది బిడ్డా అని ఎంత చెప్పినా ఇనకపాయె."

మార్త నా భుజం పట్టుకుంది. ఒక్క మాటకు కూడా అర్థం అడగలేదు.

అడవి అంచున ఒక దిబ్బ, తలాపున ఒక రాయి. అమ్మ దాని మీద చొక్కా పరిచి, చేతులు సాపు చేసి, గుండీలు పెట్టింది. సకినాలు మైసమ్మ ఒళ్ళో పోసింది. పిడికెడు మట్టి కొంగున ముడేసుకుంది. అప్పుడు ఏడ్చింది మా అమ్మ. అలాంటి ఏడుపు మళ్ళీ నేను వినలేదు, వినకూడదు కూడా.

ఇల్లు చేరేసరికి బాపు అరుగు మీద ఉన్నాడు. "చూసిండ్రా కోటగుళ్ళు?" అన్నాడు.

"పంతుల్ని పిలిపియ్యుండ్రి. బొమ్మ చెయ్యమనుండ్రి" అంది అమ్మ.

బాపు తెల్లబోయాడు. "ఏందే, మిరుగు ఇంక రాకపాయె. గంత తొందరేంది? వద్దంటివి గద?"

అమ్మ కొంగు ముడి విప్పింది. "గిది బొమ్మల కలుపుమనుండ్రి."

బాపు ఆ మట్టి వంక చూశాడు. గోడ పట్టుకుని కూలబడిపోయాడు. "నువ్వు వద్దంటవన్న ధైర్నంతోటే గదనే నేను చేద్దాం చేద్దాం అన్నది! నువ్వూ సరే అంటె ఇంక నాకెవరున్నరే?" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆయన మీద పన్నెండేళ్ళు కోపం దాచుకున్నదాన్ని, నీళ్ళ చెంబు తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన తల ఎత్తకుండానే అడిగాడు. "పొయ్యేటప్పుడు... నన్నేమన్న అన్నడా?"

అమ్మ తలుపు వైపు చూసింది. "అన్నడట. మా బాపు అన్నం తిన్నడో లేదో అని ఒకటే రందివడ్డడట."

"కాదు, ఆమె చెప్పింది..." అంటూ మార్త నోరు తెరిచింది. నేను ఆమె చెయ్యి గట్టిగా నొక్కాను. నా మొహం చూసింది, అమ్మ మొహం చూసింది, నోరు మూసుకుంది.

దీపాలు పెట్టే వేళకు అమ్మ లేచింది. ఇక ఎవరొస్తారని అనుకుందో ఏమో, తలుపు దగ్గరగా వేసి గడియ మీద చెయ్యి పెట్టింది. బాపు తడబడుతూ వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దే" అన్నాడు. "తీసే ఉండనియ్యి."