రాతి మీద జనరల్‌గారి పేరు

హెప్సిబాకి నోరెక్కువని ఊరంతా అంటారు. ఎందుకుండకూడదు? ఆమె మొగుడు ఎలీషా సైన్యంలో చేరి, శత్రువు తుపాకీకి కాదు, సర్కారిచ్చిన బూట్లకి బలైపోయాడు. మంచుకొండల మీద కాపలా కాస్తుంటే సోలు ఊడి, రెండు పాదాలూ నల్లబడ్డాయి. ఆస్పత్రిలో కాళ్ళు తీసేసినా విషం ఒళ్ళంతా పాకింది. రైళ్ళు మారి పరుగున వెళ్ళిన పెళ్ళాంతో అతను ఆఖరిసారి మాట్లాడింది దేశం గురించి కాదు.

"బూట్లు మంచివి కావే. పైకి చెప్తే సర్దుకోమన్నారు," అన్నాడు.

పేపర్లు గోల పెట్టాక విచారణ వేశారు. సరుకు దించుకున్న హవల్దారు ఉద్యోగం ఊడింది. ఆ కొనుగోలుకి సంతకం పెట్టిన లెఫ్టినెంట్ జనరల్ మాత్రం ఏ మచ్చా లేకుండా రిటైరయ్యాడు. గన్నవరంలో స్థలాలు కొన్నాడు, సభల్లో దేశభక్తి మీద ఉపన్యాసాలిస్తున్నాడు. బూట్లైతే కొన్నాడు గానీ సిగ్గు మాత్రం ఆయన ఏనాడూ కొన్నట్టు లేదు.

2004లో మైలవరం పక్కన ఉన్న వాళ్ళ ఊళ్ళో ఎలీషా విగ్రహం పెట్టారు. సర్పంచి బాలశౌరి ఎవర్నీ అడక్కుండా ఆ జనరల్‌నే ప్రారంభానికి పిలిచాడు. శిలాఫలకం మీద ఎలీషా పేరు కన్నా ఆయన పేరే పెద్దగా చెక్కించాడు.

"ఆ చేత్తో మా ఆయనకి దండేయిస్తావా అన్నా?" అని హెప్సిబా నిలదీసింది.

"విచారణలో ఆయన తప్పు లేదన్నారు కదమ్మా. పిలిచినాయన్ని రావద్దంటే ఊరి పరువేం కాను?"

"మరి మా ఆయన పరువో?"

బాలశౌరి వినిపించుకోలేదు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఆ మనిషి చేతి దండ ఎలీషా మెడలో పడకూడదు, అంతే.

మే నెల ఎండలో సభ పెట్టారు. విగ్రహం దిమ్మె ఎక్కేవాళ్ళు చెప్పులు విడవాలి కాబట్టి జనరల్‌గారు నిగనిగలాడే బూట్లు, మేజోళ్ళు విప్పి మెట్లెక్కాడు. కాలిపోతున్న సిమెంటు మీద ఒక కాలు దించి ఒక కాలు ఎత్తుతూ దండ కోసం చెయ్యి చాపాడు. దండ హెప్సిబా దగ్గరుంది. ఆమె ఇవ్వలేదు.

"కాలుతోందా సార్? మా ఆయన కాళ్ళు గడ్డకట్టి పోయాయండీ. ఆ బూట్లకి సంతకం పెట్టింది మీరే కదా?"

మైకు పక్కనే ఉండడంతో మాట ఊరంతటికీ వినబడింది. జనరల్‌గారు గొంతు సవరించుకున్నాడు.

"చూడమ్మా, సంతకం నాదే. ఒక్కో జతా నేను విప్పి చూడను కదా. అది కిందివాళ్ళ పొరపాటని ఎంక్వయిరీలో తేలింది."

"సరేనండీ. సంతకం మీది, తప్పు కిందివాళ్ళది. మరి ఈ దిమ్మె కట్టింది మా ఏసుపాదం మేస్త్రి. మీరు ఒక్క ఇటుకైనా ముట్టుకోలేదు. రాతి మీద మీ పేరెందుకుందండీ?"

వెనక వరసలో ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు ముందు వరసదాకా వచ్చింది. జనరల్‌గారి మొహం కందగడ్డయింది. మెట్లు దిగి, మేజోళ్ళు చేతబట్టుకుని, లేసులు కట్టుకోకుండానే కారెక్కాడు. బాలశౌరి చేతులు జోడించుకుంటూ కారు వెంట పరిగెత్తాడు.

దండ హెప్సిబాయే వేసింది. అప్పుడొచ్చింది ఏడుపు. కొంగుతో మొహం తుడుచుకుని, జనంలో నిలబడ్డ మేస్త్రిని కేకేసింది.

"ఏసుపాదం అన్నా, ఉలి తీసుకురా. మా ఆయన పేరుకి దెబ్బ తగలకుండా చూడు. ముందు ఆ లెఫ్టినెంట్ అన్న ముక్క చెక్కి పారెయ్!"