ఇందులో ఎవరైనా అన్నం తిన్నారా?

భీమశంకరరావు గారు ఎంత లావు పుస్తకాన్నైనా ఒక్క ప్రశ్నతో తేల్చిపారేసేవారు. ఇందులో ఎవరైనా అన్నం తిన్నారా? తింటే అది పుస్తకం. తినకపోతే కాగితం.

ఆ ప్రశ్నకి జడిసి విశాఖపట్నం పోర్టు ఆఫీసులో చదివే అలవాటున్నవాళ్ళు నవలలకి ఫైళ్ళ అట్టలు తొడిగి సొరుగుల్లో దాచుకునేవారు. ఏం లాభం? పక్కింట్లో పనసపండు కోస్తే తెలిసిపోయినట్టు ఆయనకి కొత్త పుస్తకం సంగతి ఇట్టే తెలిసిపోయేది. "ఏదీ, ఓసారి ఇలా ఇయ్యి" అని పట్టుకెళ్ళేవారు. మర్నాడు పొద్దున్నే పుస్తకంతోపాటు తీర్పు కూడా తెచ్చేవారు.

ఆయనది తూర్పుగోదావరి. ఉద్యోగం కోసం వచ్చి గోపాలపట్నంలో కాపురం పెట్టి, ఆ పోర్టు ఆఫీసులోనే హెడ్ గుమాస్తా అయ్యారు. ఆ వీధి చివర సన్యాసిరాజుకి అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. కొట్టు సన్యాసిరాజుదే గానీ, అందులో ఏ పుస్తకం మంచిదో చెప్పే అధికారం మాత్రం భీమశంకరరావు గారిదే.

"డిటెక్టివు నవల ఎలగుందండి?" అని అడిగేవాడు సన్యాసిరాజు. అడక్కపోయినా చెబుతారని అతనికి తెలుసు.

"వాడు మద్రాసులో రైలెక్కాడు, ఢిల్లీలో దిగాడు, హంతకుణ్ణి పట్టుకున్నాడు. దారి పొడుగునా సిగరెట్లేనయ్యా! బెజవాడ స్టేషన్లో రెండిడ్లీలైనా కొనుక్కోలేదు. అలాంటివాడు పట్టుకునేది హంతకుడి చొక్కా కాదు, కాళ్ళు. 'బాబ్బాబు, ముందు ముద్ద అన్నం పెట్టించి, తర్వాత నేరం ఒప్పుకో' అంటాడు."

"మరి ఈ ప్రేమ నవలండి? ఆడవోళ్ళు ఎగబడి సదువుతన్నారు."

"మొదటి పేజీ నుంచి చివరిదాకా ఇద్దరూ కాఫీలు తాగారు. కాఫీతో ప్రేమ నడుస్తుంది, కాదనను. సంసారం నడవాలంటే కంచం ముందు కూచోవాలి. ఆ పిల్ల పప్పులో ఉప్పెక్కువ వేసిన రోజున వీడేమంటాడో రాస్తేనే గాని వీడు మంచివాడో కాదో మనకెలా తెలుస్తుంది?"

నవలలతో సరిపెట్టుకుంటే బాగానే ఉండేది. చరిత్ర పుస్తకాలనీ వదిలేవారు కాదు. ఒక చక్రవర్తి లక్షమంది సైన్యంతో నదులు దాటిన వైనం చదివి, ఆ మర్నాడంతా ఆఫీసులో కనబడ్డవాణ్ణల్లా నిలదీశారు. "లక్షమందండీ! అన్నం ఎవరు వండారు? గంజి ఎక్కడ వార్చారు? ఆ చరిత్రకారుడికి ఏనుగుల లెక్క తెలుసు, గరిటెల లెక్క తెలీదు!" ప్రకృతి వైద్యం పుస్తకం చదివి, "ఈయన పచ్చికూరలు తినమన్నాడే గాని తాను తినలేదు. తిన్నవాడి మాటలు ఇంత హుషారుగా ఉండవు" అన్నారు. ఒక కుటుంబ నవలలో విందుభోజనం రెండు పేజీలుందని సంబరపడి, అంతలోనే దాన్ని సన్యాసిరాజు బల్ల మీద దబ్బున పడేశారు. కార్తీకమాసంలో కొత్తావకాయ వడ్డించిందట ఆ ఇల్లాలు. ఆయన మెచ్చుకోగా విన్నది ఒక్కటే, ఎవరో మంచుకొండ ఎక్కినాయన రాసుకున్న యాత్ర. డబ్బాలో గడ్డకట్టిన చిక్కుళ్ళని ఆయన ఎలా కరిగించుకు తిన్నాడో చదివి, "ఇదీ సాహిత్యం!" అని కళ్ళు తుడుచుకున్నారు.

ఇలాంటి మనిషి చేతిలో అప్పలసూరి రాసిన నవల పడింది.

అప్పలసూరి ఆ ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తా. చోడవరం అవతల పల్లెటూరు. నెమ్మదస్తుడు. మధ్యాహ్నం బెల్లు మోగగానే అందరూ క్యారియర్లు విప్పుకుంటే, అతను కాగితాల కట్ట పట్టుకుని మేడమెట్ల కిందికి వెళ్ళిపోయి రాసుకునేవాడు.

"రా బావా, మా యావిడ సేపల పులుసెట్టింది" అని పిలిచేవాడు పక్క సీటు తాతబాబు.

"ఇప్పుడే తినీసేను బావా. రాసుకోవాల."

రచయితలకి మధ్యాహ్నప్పూటే ఊహలొస్తాయి కాబోలనుకుని అందరూ గౌరవంగా ఊరుకున్నారు. నిజానికి అప్పలసూరికి రచయిత అవ్వాలన్న కోరిక ఏనాడూ లేదు. తండ్రి ఎడ్లబండి మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. పెద్దాసుపత్రిలో ఉన్నాడు. తల్లి దేముడమ్మ మంచం పక్కనే ఉంటోంది. తెల్లారే గదిలో వండిన అన్నం ఇద్దరికీ అందించి, అటునుంచి అటే ఆఫీసుకి వచ్చేవాడు సూరి. జీతం మందులకి పోగా, అతను తినేది రాత్రిపూట ఒక్కసారే. మధ్యాహ్నం మిగిలేది ఆకలి, దానికి తోడు సిగ్గు. చేతిలో కలం ఉంటే ఖాళీ చేతులని ఎవరూ అనుకోరు కదా అని రాయడం మొదలుపెట్టాడు. రాయగా రాయగా అది నవలై కూచుంది.

"మా సూరిబావ నవల రాసీసేడండి!" అంటూ తాతబాబు ఆ కట్టని మహా ఉత్సాహంగా తీసుకెళ్ళి భీమశంకరరావు గారి బల్ల మీద పెట్టేశాడు.

ఆయన అడిగే ప్రశ్న ఏమిటో అప్పలసూరికి తెలుసు. తన నవలలో దానికి జవాబు ఏమిటో ఇంకా బాగా తెలుసు. అలా రాయాలని రాయలేదు. అన్నం దగ్గరికొచ్చేసరికి కలం దానంతటదే పక్కకి తప్పుకునేది.

మర్నాడు తీర్పు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. భీమశంకరరావు గారు ఎవరితోనూ మాట్లాడకుండా సీట్లో కూచుని, కళ్ళజోడు పైనుంచి అప్పలసూరినే చూస్తున్నారు. "పెద్దాయనకి జొరం కాసిందేమో" అన్నాడు తాతబాబు. ఆఖరికి మూడోనాడు భోజనాల వేళ ఆయన కట్ట పట్టుకుని లేచారు. నాటకం చూడ్డానికొచ్చినట్టు సెక్షన్ అంతా మూగింది.

"ఎలగుందండి నవల?" అని అడిగారెవరో.

"తప్పులున్నాయి" అన్నారాయన గంభీరంగా. "చాలా ఉన్నాయి. ఒక్క రోజులో చెప్పేవి కావు."

"అది సరేనండి. ఇందులో ఎవులైనా అన్నం తిన్నారా?" అని తాతబాబు నవ్వుతూ అడిగాడు.

అప్పలసూరి తల దించుకున్నాడు. భీమశంకరరావు గారు కళ్ళజోడు తీసి తుడిచారు. తుడిచిందే మళ్ళీ తుడిచారు. "ఆ ప్రశ్న ప్రతి పుస్తకానికీ అడుగుతారటయ్యా? బుద్ధి లేకపోతే సరి!" అని కసిరి, "సూరీ, పద. మెట్ల కిందికి" అన్నారు. ఆయన రెండో చేతిలో క్యారియర్ ఉంది.

మెట్ల కింద ఆయన కాగితం పరిచి కూచున్నారు. కిటికీలోంచి వచ్చి పడిన ఓడల్లోకెక్కించే ఇనపఖనిజం ఎర్రదుమ్ముని తువ్వాలుతో దులిపి, అప్పలసూరికి చోటు చూపించారు.

"నీ కథానాయకుడు అబద్ధాలకోరయ్యా."

"ఏటండి?"

"ఎవరింటికెళ్ళినా అన్నం తినమంటారు. 'ఇప్పుడే తిన్నాను' అంటాడు. ఎక్కడ తిన్నాడా అని నేను పేజీలు వెనక్కి తిప్పి వెతికాను. ఎక్కడా తినలేదు."

"రాయడం మర్సిపోయేనండి."

"మర్చిపోలేదు. పక్కింట్లో చేపల పులుసు కాగుతుంటే ఆ వాసన మీద ముప్పావు పేజీ రాశావు. కడుపు నిండినవాడు 'వాసన వచ్చింది' అని రాసి ఊరుకుంటాడు. జన్మలో చేప ముట్టనివాణ్ణి, నాకే నోరూరింది!"

భీమశంకరరావు గారు అప్పలసూరి ముఖం చూడలేదు. క్యారియర్ గిన్నెలు ఒక్కొక్కటీ విప్పడంలో మునిగిపోయినట్టు కనబడ్డారు.

"వాడికి ఓ పూట అన్నం పెడితే గాని కథ ముందుకి నడవదు. వాడు ఇక్కడ లేడు. రాసినవాడివి నువ్వున్నావు. ఊఁ, చెయ్యి కడుక్కురా. నేను తింటూ తప్ప విమర్శ చెయ్యలేను. ఎదటివాడు ఊరికే కూచుంటే నాకు మాట తోచదు."

ఆ రోజు మొదటి అధ్యాయంలో మొదటి వాక్యం మీద చర్చ జరిగింది. వారం తిరిగినా రెండో వాక్యానికి వెళ్ళలేదు. క్యారియర్ మాత్రం మూడు గిన్నెల నుంచి ఐదు గిన్నెలకి ఎదిగింది.

"ఇక్కడ కామా ఎందుకు పెట్టావు?"

"ఊపిరి తీసుకోడానికండి."

"ఊపిరి తర్వాత తీసుకోవచ్చు, ముందు వంకాయ వేసుకో. అసలు 'సూర్యుడు ఉదయించాడు' అని మొదలుపెట్టడమేమిటి? పెరుగు కలుపుకో. సూర్యుడు రోజూ చేసే పనే కదా?"

మెట్లెక్కుతూ దిగుతూ వినేవాళ్ళకి జాలేసేది. "ముసలాయన సూరి బావని పీక్కు తినేత్తన్నాడు" అనేవాడు తాతబాబు. అప్పలసూరి ఒళ్ళు చేస్తున్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

అయితే అతనికీ రోషం ఉండేది. తిండి సంగతి అలా ఉంచి, నవల నిజంగానే అంత అధ్వానంగా ఉందా? ఒక ఆదివారం ఆ బాధ ఆపుకోలేక గోపాలపట్నం వెళ్ళాడు. భీమశంకరరావు గారు సన్యాసిరాజు కొట్టులో ఎవరికో తీర్పు చెబుతున్నారట. ఆయన భార్య కామేశ్వరి గారు పీట వేశారు.

"పిన్నిగారూ, నా నవల గురించి ఇంట్లో ఏటంటారండి?"

"ఏమంటారా! నాకు ప్రాణం విసిగిపోతోంది నాయనా. రోజూ పొద్దున్నే స్నానం చేస్తూ గోల. 'కామేశ్వరీ, ఇవాళ దేనికి తప్పు పట్టనే? కుర్రాడు బాగా రాసేశాడు, నాకేం దొరకడంలేదు' అని. మొన్న ఆ కామా సంగతి నేనే అందించాను. నువ్వేమీ మనసులో పెట్టుకోకు బాబూ."

అప్పలసూరికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చివరికి నవ్వే గెలిచింది. భీమశంకరరావు గారు ఇంటికొచ్చేలోగా అక్కణ్ణుంచి జారుకున్నాడు. మర్నాడు మెట్ల కింద ఆయన తప్పు కోసం తడుముకుంటూంటే, "ఈ పేరా మరీ సాగదీసినట్టున్నానండి" అని తనే అందించాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశావా! నేనూ అదే అనబోతున్నాను. అప్పడం తీసుకో."

వానాకాలం వెళ్ళేసరికి అప్పలసూరి తండ్రి కర్ర పట్టుకుని నడుస్తూ ఆసుపత్రి నుంచి బయటికొచ్చాడు. కొడుకు గదిలోనే ముగ్గురూ సర్దుకున్నారు. వంట దేముడమ్మ చేతికొచ్చింది. ఒకనాడు మధ్యాహ్నం అప్పలసూరి సొంత క్యారియర్‌తో మెట్ల కిందికి వచ్చి, రెండు విస్తళ్ళు పరిచాడు.

భీమశంకరరావు గారు ఆ క్యారియర్ వైపు చూశారు.

"అయితే విమర్శ అయిపోయినట్టే. నవల బాగుందయ్యా. రెండోది ఎప్పుడు మొదలుపెడతావు?"

"ఇంకెక్కడ రాత్తానండి? రాసుకునే టైమంతా నాను తింటన్నాను కదండి."

భీమశంకరరావు గారు ఆ మాట గురించి గట్టిగానే ఆలోచించారు. తెలుగు సాహిత్యాన్ని ఒక వైపూ, దేముడమ్మ చేసిన గోంగూర పచ్చడిని ఒక వైపూ పెట్టి తూచినట్టున్నారు.

"పోనీలే" అన్నారు విస్తరి ముందుకి జరుపుకుంటూ. "రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ పచ్చడి ఇలా వెయ్యి."