హుసేనప్ప ఇచ్చిన రనౌట్

మా తాత హుసేనప్ప మ్యాచ్ అమ్ముకున్నాడని సౌదీలోని అభాలో ఉన్న తెలుగువాళ్లు చాలామంది నమ్ముతారు. ఆ కథ నేనూ విన్నాను, ఫారూఖ్ నడిపే బఖాలా కొట్టులో, బియ్యం బస్తాల వెనక నిలబడి. చెబుతున్నది లింబాద్రి. జగిత్యాల మనిషి, క్రేన్ మెకానిక్, మనవాళ్ల జట్టుకి వికెట్ కీపర్.

"గా ముసలాయన పాకిస్తానోళ్లకు అమ్ముడువోయిండు. కొత్త ఫోను ఇచ్చిండ్రట. కఫీల్‌కు ఎర్కైంది. ఇసొంటోడు నా ఇంట్ల వద్దని మళ్ల రాకుంట ఖురూజ్ ముద్ర కొట్టి దేశం తోలిండు."

"ఫోను నువ్వు చూసినవా?" అని ఫారూఖ్ అడిగాడు.

"నేనెట్ల చూస్త? దాచుకుంటడు గద. ఔటైంది నువ్వు. నన్నడుగుతవేంది?"

అక్కడున్నవాళ్లు నవ్వారు. ఫారూఖ్ కూడా నవ్వాడు. నేను పెరుగు డబ్బా తీసుకుని, డబ్బులిచ్చి ఇంటికొచ్చేశాను. హుసేనప్ప మనవరాలు వెనకే ఉందని వాళ్లకు తెలియదు. నఖాబ్‌లో ఎవరైనా ఒకటే.

మాది ప్రొద్దుటూరు. దూదేకుల ఇల్లు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. తాత చిన్నప్పుడు దూది ఏకుతూ రేడియోలో కామెంటరీ వినేవాడట. విల్లు మోతలో మాటలు మునిగిపోతే పని ఆపేసి, వాళ్ల నాయనతో తిట్లు తినేవాడట. తర్వాత డ్రైవింగ్ నేర్చుకుని సౌదీ వచ్చి, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీలు ఇంట్లోనే ముసలివాడయ్యాడు. గేటు పక్క గది ఆయనది. కఫీలు పిల్లల్ని బడికి దింపి, మళ్లీ తేవడం ఆయన పని. అరవై దాటాక కఫీలు ఒక మాట చెప్పాడు: స్టీరింగ్ పట్టినన్నాళ్లు ఉండు, వదిలిన రోజు ఇంటికి వెళ్లు. ఆ మాట మా ఇంట్లో అందరికీ తెలుసు.

మా నాయన ఏసీల కంపెనీలో పని చేస్తూ మమ్మల్ని ఇక్కడికి తెచ్చుకున్నప్పుడు నాకు ఐదేళ్లు. శుక్రవారం పొద్దున కఫీలు ఇల్లంతా నిద్రలో ఉంటుంది కాబట్టి తాతకు సెలవు. నన్ను బండిలో ఎక్కించుకుని గ్రౌండుకి తీసుకెళ్లేవాడు. గ్రౌండంటే కొండ కింద రాళ్లు ఏరేసిన నేల, మధ్యలో సిమెంటు పిచ్. తాత అక్కడ అంపైరు. ఏ జట్టువాళ్లకీ ఇంకొకరి మీద నమ్మకం లేదు, ఆయన మీద ఉండేది. ఒకసారి కొండ మీది కోతి దిగి వచ్చి బంతి ఎత్తుకుపోయింది. పరుగెత్తేవాళ్లు పరుగెత్తుతూనే ఉన్నారు, ఫీల్డర్లు కోతి వెనక పడ్డారు. తాత రెండు చేతులూ ఊపి, "కోతి ముట్టుకుంటే డెడ్ బాల్" అన్నాడు. ఆ రూలు ఇప్పటికీ ఉంది.

ఇంటికి వచ్చాక ఖర్జూరాలు తిని, గింజలు చాప మీద పేర్చేవాడు. "ఇది స్లిప్పు, ఇది గల్లీ. ఇప్పుడు ఎడంచేతి వాడొచ్చినాడు. ఏం జేస్తావు అమ్మీ?" నేను గింజలన్నీ అటువి ఇటు మార్చేదాన్ని. అంపైరుకి ఒక్కటే కష్టమని చెప్పేవాడు. కనపడనిదాన్ని కనపడిందని అనకూడదు. కనపడకపోతే నాటౌట్.

ఎనిమిదో తరగతి తర్వాత నా బడి ఆగిపోయింది. తమ్ముడిది ఆగలేదు. అప్పటినుంచి నేను బయట చూసేది శుక్రవారం ఒక్కటే. పెద్దదాన్నయ్యాను కాబట్టి బండి దిగకూడదు. నల్ల అద్దం నాలుగు వేళ్లు దించుకుని, వెనక సీట్లో కూర్చుని చూసేదాన్ని. ఒక్కదాన్నే అయినా ఒంటరిగా అనిపించేది కాదు. ఓవర్ అయిన ప్రతిసారీ తాత బండి వైపు ఒకసారి చూసేవాడు.

ఆయన ఇక్కడున్న చివరి ఏడాది కొత్త అలవాటు వచ్చింది. బ్యాటర్లు పరుగు తీస్తే చాలు, ఎప్పుడూ ఒకే పక్కకు జరిగేవాడు. గమనించాను. ఎందుకని అడగలేదు.

ఫైనల్ రోజు మంచు కూడా లేదు, కొండ మీద రాళ్లు విడివిడిగా కనిపిస్తున్నాయి. పాకిస్తాన్ వాళ్ల మీద గెలవడానికి మనవాళ్లకు రెండు పరుగులు కావాలి. బంతి బౌలర్ పక్కనే ఆగింది. తాతకు జరిగే సందు దొరకలేదు. ఫారూఖ్ ఆయన కుడి వైపు నుంచి వచ్చాడు. బ్యాటు గీత దాటింది, కాలు దాటింది, ఆ తర్వాత వికెట్లు పడ్డాయి. తాత వేలెత్తాడు.

"చాచా, నేను లోపలున్న," అన్నాడు ఫారూఖ్.

"ఏమిచ్చిండ్రు పెద్దాయనా?" అని లింబాద్రి అరిచాడు.

తాత వచ్చి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. తాళం పెట్టలేదు.

"అమ్మీ, చూసినావా?"

"చూసినా."

"చెప్పు."

"లోపలుండాడు తాతా. బ్యాటు, కాలు, రెండూ."

ఎడమ కన్నుని అరచేత్తో మూసుకుని గ్రౌండు వైపు చూశాడు. చెయ్యి తీశాడు. మళ్లీ మూశాడు.

"ఆ పక్క మసక వచ్చి శానా రోజులాయ. మసక ఐతే తెలుస్తాది, జాగర్తగా ఉంటాం. ఇది అట్ల కాదు అమ్మీ. వాడు బయట ఉన్నట్టు నాకు బాగా కనపడింది."

"నేనెవరికీ చెప్పను. వచ్చే శుక్రవారం నువ్వు ఇంకో పక్క నిలబడు."

"శుక్రవారానికేముందిలే. ఓడితే తిట్టుకుని బిర్యానీ తింటారు. ఆదివారం బడి తెరుస్తారు, నలుగురు పిల్లకాయలు ఎక్కుతారు ఈ బండి."

నాకు అర్థమైంది. ఆయన లేని శుక్రవారాలు ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చాయి.

"ఒక్క ఏడాది తాతా," అన్నాను.

ఆయన అద్దంలోంచి నన్ను చూశాడు. తర్వాత నాయనకు ఫోన్ చేసి, "తల తిరుగుతాంది, వచ్చి బండి తీసుకుపో," అన్నాడు. ఆ స్టీరింగ్ ఆయన ఇంకొకరికి ఇవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. ముందు సీట్లో, డ్రైవర్ పక్కన, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

నెల తిరక్కుండానే వెళ్లిపోయాడు. ఇప్పుడు ప్రొద్దుటూరులో మా అత్త దగ్గర ఉంటున్నాడు. కంటి నరం ఎండిపోయింది, ఏమీ చేయలేమన్నారట. రెండోది కూడా తగ్గుతోంది. టీవీలో మ్యాచ్ ఉన్న రోజు ఫోన్ చేస్తాను. ఒక్కో బంతీ చెబుతాను, ఆయన ఊ కొడతాడు. కొన్నిసార్లు ఊ ఆగిపోతుంది, గురక వినిపిస్తుంది. అయినా ఆ ఓవర్ పూర్తయ్యేదాకా చెబుతూనే ఉంటాను.

లింబాద్రి కథ జిజాన్ దాకా వెళ్లిందట. అక్కడ ఫోను కాస్తా బంగారు గొలుసు అయింది. నువ్వేం మాట్లాడొద్దు, కళ్లు కనపడకుండా బండి నడిపాడని ఇంకో కథ పుడుతుంది, అన్నాడు నాయన. అమ్మ కూడా అదే మాట అంది. నేను ఇన్నాళ్లూ మాట్లాడలేదు.

ఫైనల్ మరునాడు, శనివారం పొద్దున, తాత మగవాళ్లు కూర్చునే మజ్లిస్‌లోకి వెళ్లి బండి తాళాలు కఫీలు ముందు పెట్టాడు. కుడి కన్ను కనపడటం లేదు, పిల్లల్ని ఎక్కించుకోలేను, ఖురూజ్ కొట్టండి అని తనే అడిగాడు.