పట్టపగలు లైట్లు

మొన్న జగిత్యాల రోడ్డు మీద ఎదురొచ్చిన బైకతను అరచేయి ముడుస్తూ తెరుస్తూ నా కారు వైపు చూపించాడు. మిట్టమధ్యాహ్నం లైట్లు వెలుగుతున్నాయని పాపం అతని బాధ. చేయి ఊపి నవ్వాను. మల్లన్న గుర్తొచ్చాడు.

తొంభైల్లో బహ్రెయిన్‌లో నేను సిమెంటు కలిపే కూలీని. అరాద్‌లో మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, ఇంటి డ్రైవరు మల్లన్న పని మానుకుని ఊరికి వెళ్ళిపోతున్నాడు. లైసెన్సు తెచ్చుకుంటే ఆ స్టీరింగు నాది, లేకపోతే ఎప్పటికీ ఎండలో తట్ట మోయడమే. అప్పటికే లైసెన్సు పరీక్ష ఒకసారి తప్పాను. నాకు నేర్పే భారం మల్లన్న నెత్తినేసుకున్నాడు.

ఆయనకొక గొప్ప ఉండేది. వేసవుల్లో కఫీల్ కుటుంబంతో మూడుసార్లు యూరప్ తిరిగొచ్చాడు. ఇక చూడండి, పాఠమంతా అక్కడిదే. "స్వీడన్ల పగటిపూట గూడ లైట్లెయ్యాలె తమ్మీ. జర్మనీల బండి ఆగిపోతే ఎనక ఎర్ర ముక్కోణం పెట్టాలె. ఫ్రాన్సుల కుడిదిక్కు నుంచి వచ్చెటోనికే ముందు దారి." నేను గుడ్డిగా బట్టీ పట్టాను.

రెండో పరీక్ష హమద్ టౌన్‌లో. రౌండబౌట్‌లో తిరుగుతుంటే కుడివైపు నుంచి కార్లు రాబోయాయి. ఫ్రాన్సు మర్యాద గుర్తొచ్చి టక్కున ఆగి, రండి బాబూ అన్నట్టు చేయి కూడా చూపించాను. లోపల తిరిగేవాడిదే దారి అన్నది అక్కడి రూలు! వెనక హారన్ల మోత. పక్కన కూర్చుని పరీక్ష పెడుతున్న పోలీసాయన తల పట్టుకుని "ఖలాస్" అన్నాడు, ఇక అయిపోయిందని.

సాయంత్రం మల్లన్న మీద మండిపడ్డాను. "నా బతుకుల మన్నువోసినవ్ గదనే!"

ఆయన లేచి తలుపు దగ్గరకు వేసి వచ్చాడు. "ఎవ్వలికి చెప్పకు తమ్మీ. ఆడ నేను స్టీరింగే ముట్టలె. కఫీలే నడిపిండు. నేను ఎనక సీట్ల బిర్యానీ డేక్సా ఒళ్ళె పెట్టుకుని, పాణం గుప్పిట్ల పట్టుకుని, రోడ్డే సూసుకుంట కూసున్న."

నా కోపం ఎటు పోయిందో తెలియదు, ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ మర్నాడే ఆయన తన ప్రయాణం నెల రోజులు వెనక్కి జరుపుకున్నాడు. రోజూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ రౌండబౌట్లన్నీ తిప్పుతూ, ఎక్కడ ఎవరి దారో నాతో పైకి చెప్పించాడు. "ఏ దేశంల రూలు ఆ దేశానిదే. ఏడికి వోయినా నువ్వు అవుతలోనికి కనవడాలె, గంతే."

మూడో పరీక్షలో సగం దారికి దుమ్ము లేచింది. ముందు బండి ఆనవాలే లేదు. పోలీసాయన లైట్లు వేయమనబోయి ఆగాడు. బయల్దేరినప్పుడే వేసి ఉన్నాను. ఎక్కడ నేర్చుకున్నావని హిందీలో అడిగితే, కంగారులో "స్వీడన్, సాబ్" అనేశాను. ఆయన పగలబడి నవ్వి, కాగితం మీద సంతకం పెట్టాడు.

మల్లన్న పోయి ఆరేళ్ళు. పగలు లైట్లెందుకని మా ఇంట్లోవాళ్ళు రోజూ దెప్పుతారు. ఆర్పడానికి నాకు చేయి రాదు. ఎక్కడో వెనక సీట్లో డేక్సా పట్టుకుని రోడ్డే చూస్తూ కూర్చున్న మనిషికి, నేనింకా కనపడాలి కదా.